గోడ అవతల వినిపించిన చప్పట్లు: దూరవిద్య స్నాతకోత్సవంపై ఒక సమీక్ష

దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసినవారికి విశ్వవిద్యాలయం జరిపే స్నాతకోత్సవాన్ని మనం వేడుకగానే చూస్తాం కాని, సేవగా చూడం. నిజానికి అది సేవ కూడా. దానికి రుసుము కట్టి నమోదు చేసుకుంటాం, గౌను అద్దెకు తీసుకుంటాం, వెంట వచ్చేవారికి టికెట్లు అడుగుతాం, ఉద్యోగానికి సెలవు పెడతాం, పెద్దలను, పిల్లలను వెంటబెట్టుకుని ఒక రోజంతా నిర్వాహకుల మీద భరోసాతో గడుపుతాం. కోర్సుల గురించి, స్టడీ మెటీరియల్ గురించి, పరీక్షా కేంద్రాల గురించి సమీక్షలు కావలసినన్ని దొరుకుతాయి గాని, ఈ చివరి రోజు ఎలా జరుగుతుందో, కుటుంబంతో వెళ్లేవారు ఏమేమి చూసుకోవాలో వివరంగా చెప్పినవి నాకు కనిపించలేదు. ఇటీవల నేను పట్టా అందుకున్నాను కనుక ఆ రోజు గురించి, అంతకుముందు రెండు నెలల పాటు సాగిన ఏర్పాట్ల గురించి ఇక్కడ రాస్తున్నాను. విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. ఏ ఒక్క సంస్థనో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు.

నా కొలమానం ఏమిటో ముందే చెప్పడం న్యాయం. వేదిక ఎంత ఘనంగా ఉంది, ముఖ్య అతిథి ఎంత పెద్దవారు అన్న వాటిని నేను లెక్కలోకి తీసుకోలేదు. విద్యార్థి వెంట వచ్చిన కుటుంబాన్ని ఆ సంస్థ ఎలా చూసుకుంది అన్నదే నేను చూశాను. రోజూ కళాశాలకు వెళ్లి చదివే విద్యార్థికి తరగతి గది, గ్రంథాలయం, తోటి విద్యార్థులు, సందేహం వస్తే అడగడానికి అధ్యాపకులు ఉంటారు. దూరవిద్యార్థికి ఇందులో చాలా భాగం ఇంట్లోవాళ్లే సమకూర్చవలసి వస్తుంది. మూడేళ్ల డిగ్రీని నేను గరిష్ఠ గడువైన ఆరేళ్లలో పూర్తిచేశాను. మధ్యలో ఉద్యోగం మానలేదు. చేరిననాటికి మా అమ్మాయికి మూడేళ్లు, పట్టా అందుకునేనాటికి పదో ఏడు నడుస్తోంది. పార్సిలులో వచ్చిన పుస్తకాలను సబ్జెక్టుల వారీగా విడదీసి అట్టలు వేసింది మావారు. ఆదివారాల్లో నేను కాంటాక్టు తరగతులకు వెళ్లినప్పుడల్లా పాపను చూసుకున్నది మా అమ్మ. పరీక్ష ఉన్న ప్రతి రోజూ మా నాన్న కేంద్రం బయట మూడు గంటలూ కూర్చునేవారు, నేను బయటికి వచ్చాక ఎలా రాశావని మాత్రం ఎన్నడూ అడిగేవారు కారు. రెండు పేపర్లు తప్పి, ఇక చాలు అనుకున్న సంవత్సరంలో, తిరిగి పరీక్ష ఫీజు కట్టే గడువు తేదీని కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టింది కూడా ఆయనే. స్నాతకోత్సవం రోజున కౌంటరులో ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడిగినప్పుడు నేను ఫోనులో వెతుక్కుంటూ ఉంటే, మావారు, మా అమ్మాయి ఇద్దరూ ఒకేసారి, చూడకుండా, పది అంకెలూ చెప్పేశారు. ఆ నంబరు మా ఇంటి నంబరయ్యి చాలా కాలమైంది.

స్నాతకోత్సవం అన్న మాట గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. గురుకులంలో చదువు ముగించి, దానికి గుర్తుగా స్నానం చేసి ఇంటికి బయలుదేరేవాడు స్నాతకుడు. ఆ సంస్కారానికి సమావర్తనం అని పేరు. తిరిగి రావడం అని దాని అర్థం. దూరవిద్యలో ఈ క్రమమంతా తిరగబడుతుంది. ఇల్లు విడిచి వెళ్లిందే లేదు కనుక తిరిగి రావడం అంటూ ఉండదు. చదువంతా ఇంట్లోనే సాగి, అది ముగిసిన తరువాత ఇల్లంతా కలిసి మొట్టమొదటిసారి విశ్వవిద్యాలయం దగ్గరికి వెళ్తుంది. స్టడీ సెంటరులోని కౌన్సెలర్లను మినహాయిస్తే, నాకు చదువు చెప్పిన సంస్థకు చెందిన మనిషిని నేను ఆ రోజు వరకు ముఖాముఖి చూడనే లేదు. కనుక దూరవిద్యాసంస్థకు స్నాతకోత్సవం వీడ్కోలు సభ ఎంతో, స్వాగత సభ కూడా అంతే. అతిథులకు ఎన్ని కుర్చీలు కేటాయించాలి అన్నది ఈ సంగతి గుర్తుపెట్టుకుని తేల్చవలసిన విషయం.

ఆ విషయంలోనే నాకు పెద్ద నిరాశ ఎదురైంది. నమోదు ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో ముగిసింది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ నంబరు, ఫోటో, గౌను కొలతలు అడిగారు, రసీదు వెంటనే వచ్చింది. అంతవరకు ఏ లోపమూ లేదు. కాని ఒక్కొక్క విద్యార్థికి రెండే అతిథి టికెట్లు అన్న నియమం ఆ ఫారం చివరి పేజీలో, రుసుము కట్టేసిన తరువాత కనిపించింది. పిల్లలకు కూడా వేరే టికెట్టు ఉండాలని దాని కింద ఉంది. అదనపు టికెట్టు కావాలంటే నిరీక్షణ జాబితాలో పేరు రాసుకోవాలి, ఎవరైనా మానుకుంటే ఇస్తారు. హాలులో కుర్చీలకు పరిమితి ఉంటుందని నాకు తెలుసు. అగ్నిమాపక నిబంధనలను పక్కనబెట్టి మనుషులను కుక్కమని ఎవరూ అడగరు. అయితే ఆ పరిమితి ఏమిటో రుసుము కట్టకముందే చెప్పాలి. నాకు తోడుగా నలుగురు రావాలనుకున్నారు. స్నాతకోత్సవానికి తొమ్మిది రోజుల ముందు మూడో టికెట్టు వచ్చింది. నాలుగోది రాలేదు.

అమ్మ, నాన్న, మావారు, పాప. వీరిలో ఎవరిని వదిలి వెళ్లాలి అన్న ప్రశ్నను ఒక ఫారం మా ఇంటికి తెచ్చిపెట్టింది. నాన్న తాను ఇంటి దగ్గరే ఉంటానన్నారు, మోకాలి నొప్పిని కారణంగా చూపించారు. ఆ నొప్పితోనే ఆరేళ్లూ పరీక్షా కేంద్రాల బయట కూర్చున్నారని మా అందరికీ తెలుసు. అమ్మ మాట్లాడలేదు. చివరికి మావారు తేల్చేశారు. పక్క హాలులో తెర మీద ప్రత్యక్ష ప్రసారం చూపిస్తారని, అక్కడికి టికెట్టు అక్కరలేదని ఆహ్వానంలో ఉంది. తాను అక్కడ కూర్చుంటానన్నారు. ఇలాంటి నిర్ణయం ఒక్క మా ఇంట్లోనే జరగలేదని అక్కడికి వెళ్లాక తెలిసింది. ఆ పక్క హాలు నిండిపోయింది. అందులో కూర్చున్నవారిలో ఎక్కువమంది భర్తలు, భార్యలు, అన్నదమ్ములు. పెద్దలకు, పిల్లలకు లోపలి కుర్చీలు వదిలిపెట్టి వచ్చినవారు.

ఈ సమస్యకు పరిష్కారం లేదని అనుకోవడానికి వీలులేదు, ఎందుకంటే దూరవిద్య చరిత్రలోనే దానికి దారి ఉంది. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీకి 1969లో రాయల్ చార్టరు, అంటే స్థాపనకు రాజపత్రం, లభించింది, 1971 జనవరిలో మొదటి విద్యార్థుల చదువు మొదలైంది, 1973లో తొలి స్నాతకోత్సవం లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగింది. విద్యార్థులు నిత్యం వచ్చిపోయే ప్రాంగణం లేని విశ్వవిద్యాలయం తన మొదటి పట్టభద్రులను గౌరవించడానికి బయటి భవనానికి వెళ్లిందన్నమాట. ఆ తరువాత అదే సంస్థ ఒకచోటికి పరిమితం కాకుండా వేర్వేరు నగరాల్లో స్నాతకోత్సవాలు జరుపుతూ వచ్చింది. మన దేశంలో 1982లో హైదరాబాదులో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది; 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) వచ్చింది. ఇగ్నో స్నాతకోత్సవం ఢిల్లీలోని ప్రధాన కార్యాలయంతోపాటు దేశమంతటా ఉన్న ప్రాంతీయ కేంద్రాల్లోనూ జరుగుతుంది. విద్యార్థి ఉన్నచోటికి చదువు వెళ్లడమే దూరవిద్య అయినప్పుడు, పట్టా కూడా వీలైనంత దగ్గరికి వెళ్లడం సబబు. హాళ్లు పెరిగితే ఒక్కొక్క విద్యార్థికి దక్కే కుర్చీలూ పెరుగుతాయి, ముసలివారికి ప్రయాణమూ తగ్గుతుంది. ఉపకులపతి స్వయంగా చేతికి పట్టా ఇవ్వడం కంటే ఇంటిల్లిపాదీ ఎదురుగా కూర్చుని ఉండడమే మేలని ఎవరైనా నన్ను అడిగితే నిస్సందేహంగా చెబుతాను.

గౌను విషయానికి వస్తే, అద్దె సంస్థ పని శుభ్రంగా ఉంది. ఎత్తు, ఛాతీ కొలత, తల చుట్టుకొలత నెల ముందే తీసుకున్నారు. తల కొలతను టేపుతో చెవులకు పైగా, నుదుటి మీదుగా తీయాలి. ఉజ్జాయింపుగా రాసినవారి టోపీలు ఆ రోజంతా జారిపోవడం చూశాను. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది హుడ్. మధ్యయుగపు ఐరోపాలో మతగురువులు చలికి తల మీద కప్పుకున్న ముసుగు క్రమంగా విద్వాంసుల దుస్తుల్లో భాగమైంది. ఇప్పుడు అది వీపు మీద వేలాడుతూ, లోపలి రంగుతో పట్టా ఏ కోవకు చెందినదో చూపుతుంది. బరువంతా వెనక ఉండటం వల్ల అది మెడను వెనక్కి లాగుతూనే ఉంటుంది. ముందువైపు ఉన్న చిన్న ఉచ్చును చొక్కా గుండీకి తగిలించాలి. గుండీలు లేని దుస్తులు వేసుకున్నవారికి సేఫ్టీ పిన్నులు తప్పవు. కౌంటరులో వాటిని ఒక పళ్లెం నిండా ఉంచారు, ఒక మహిళ నిలబడి ప్రతి ఒక్కరికీ స్వయంగా పెట్టారు. మా అమ్మ పక్కన నిలబడి చూస్తుంటే, ఆమె పని ఆపి, రెండో పిన్ను అమ్మ చేతికిచ్చి, "ఇది మీరు పెట్టండమ్మా" అన్నారు. నియమావళిలో ఉండే పని కాదది. ఆ ఒక్క మాటకు ఆ సంస్థకు నా కృతజ్ఞతలు.

పెద్దలతో వెళ్లేవారు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. విద్యార్థులు కార్యక్రమానికి రెండు గంటల ముందు హాజరు కావాలి, అతిథులను మాత్రం అరగంట ముందు లోపలికి పంపుతారు. ఈ మధ్యలో ఒకటిన్నర గంట సేపు వారికి కూర్చునే చోటు ఉందో లేదో ముందుగా అడిగి తెలుసుకోవాలి. మా వాళ్లు నిలబడవలసి వచ్చింది. వరండాలో ఉన్న నాలుగు బల్లలు నిమిషాల్లో నిండిపోయాయి. ర్యాంపు ఉంది, లిఫ్టు ఉంది, కాని ఏ ద్వారం దగ్గర ఉన్నాయో తెలిపే బోర్డు లేదు. అదే సమయంలో, మోకాలి నొప్పి గురించి పది రోజుల ముందు మెయిలు రాస్తే, మెట్లు ఎక్కనక్కరలేని వరుసలో, దారి పక్కన కుర్చీలు మూడూ ఒకేచోట కేటాయించారు. రాసి అడిగినవారికి అందిన సదుపాయం ఇది. అడగవచ్చునని తెలియనివారికి అది అందలేదు. మా వెనక వరుసలో ఒక పెద్దాయన కుటుంబానికి దూరంగా, చక్రాల కుర్చీల కోసం వేరుచేసిన మూలలో ఒంటరిగా కూర్చోవడం నాకు బాధ కలిగించింది. ఆయన పక్కన ఇంకొక కుర్చీ పడేంత చోటు ఉంది.

ఆ రోజు జరిగిన పనులన్నిటిలో నాకు అత్యుత్తమంగా తోచింది పేర్లు చదవడం. మూడు వందల ఇరవై మందిమి. ఒక్కొక్కరికి పది సెకన్ల చొప్పున చూసినా యాభై నిమిషాలు దాటుతుంది. ఈ యాభై నిమిషాల కోసమే ఇన్ని కుటుంబాలు వచ్చాయి, కాని సాధారణంగా ఇక్కడే నిర్లక్ష్యం జరుగుతుంది. పేరు తప్పుగా పలికితే సరిదిద్దడానికి రెండో అవకాశం ఉండదు. మాకు నెల ముందే ఒక కార్డు పంపారు. పేరును ఎలా పలకాలో, ఎక్కడ విరవాలో, ఏ అక్షరం మీద ఒత్తు పడాలో మన మాటల్లో రాసి తెమ్మన్నారు. అంతటితో ఆగలేదు. వేదిక మీద పేర్లు చదవబోయే అధ్యాపకురాలు మేము వరుసలో నిలబడి ఉండగా ముందే వచ్చి, కార్డు చూస్తూ ఒక్కొక్కరి పేరు మెల్లగా పలికి, సరిగ్గా ఉందా అని అడిగి ముందుకు సాగారు. నా పేరును ఆరేళ్లూ పార్సిళ్ల మీద రకరకాలుగా అచ్చువేసిన సంస్థ, ఆ రోజు నా ముందు నిలబడి దాన్ని నేర్చుకుంది. అంతకుముందు జరిగిన పొరపాట్లన్నిటినీ నేను అక్కడితో మరిచిపోయాను.

ప్రసంగాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మూడు ప్రసంగాలు కలిసి గంటకు పైగా సాగాయి. పిల్లలున్న సభకు అది ఎక్కువ. మూడోది ముగిసేసరికి మా పాప అమ్మ ఒడిలో నిద్రపోయింది. ఒక్క సందర్భం మాత్రం మనసులో నిలిచింది. పేర్లు చదవడం మొదలయ్యే ముందు ఉపకులపతి మమ్మల్ని లేచి నిలబడి, వెనక్కి తిరిగి, అతిథుల వైపు చూసి చప్పట్లు కొట్టమన్నారు. ఇలాంటిది చాలాచోట్ల చివర్లో, అందరూ లేచిపోతున్న వేళ చేస్తారని విన్నాను. ఇక్కడ ముందే చేశారు, అందుకే దానికి విలువ వచ్చింది. నాన్న చప్పట్లు కొట్టలేదు, మా వైపు అలాగే చూస్తూ ఉండిపోయారు. ఆ చప్పట్లు తనకోసమని ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టిందని అమ్మ తరువాత చెప్పింది. ఉపకులపతి మాటల్లో పక్క హాలులో ఉన్నవారి ప్రస్తావన మాత్రం రాలేదు. ఒక్క వాక్యం చాలు కదా.

నా వంతు వచ్చినప్పుడు వేదిక మీద నేను నడిచిన దూరం పదిహేను అడుగులకు మించదు. పేరు సరిగ్గా వినిపించింది, చేతికి ఒక ఫైలు అందింది, దిగే మెట్ల దగ్గర పాప మెలకువగా నిలబడి ఉంది. అమ్మ సమయానికి లేపింది. అదే సమయంలో గోడ అవతల ఏమి జరిగిందో మావారు చెప్పగా తెలిసింది. తెర మీది ప్రసారం అసలు కార్యక్రమం కంటే దాదాపు అర నిమిషం ఆలస్యంగా నడుస్తోంది, ఆ రెండు హాళ్లకు మధ్య మాత్రం పలచని గోడ ఉంది. అందువల్ల ఆయనకు ముందు గోడ అవతల నుంచి చప్పట్లు వినిపించాయి. అవి ఎవరి కోసమో తెర మీద తేలేలోపు ఇంకో ఇద్దరి చప్పట్లు కూడా వచ్చిపడ్డాయి. నా వరుస సంఖ్య తెలుసు కనుక ఆయన లెక్కపెట్టుకుంటూ, నేను తెర మీద కనిపించకముందే గోడ వైపు తిరిగి చప్పట్లు కొట్టారట. దూరదేశాల్లో ఉన్న బంధువులకు ప్రసారం అర నిమిషం ఆలస్యమైతే నష్టమేమీ లేదు. మా చెల్లెలు ఎక్కడో దూరాన ఉండి సంతృప్తిగా చూసింది. పక్క గదిలో కూర్చున్నవారికి మాత్రం అది సరిపోదు. కెమెరా నుంచి తెరకు నేరుగా తీగ లాగితే తీరిపోయే లోపమిది. ఇంటర్నెట్టు ద్వారా తిప్పి చూపించడం వల్లనే ఆ ఆలస్యం వచ్చిందని ప్రసారం చూసుకుంటున్న సాంకేతిక నిపుణుడే నాకు చెప్పారు.

వేదిక మీద ఇచ్చిన ఫైలులో అభినందన పత్రం మాత్రమే ఉంటుంది. అసలు పట్టాను కార్యక్రమం తరువాత వేరే కౌంటరులో, గుర్తింపు కార్డు చూపించి, సంతకం చేసి తీసుకోవాలి. ఈ సంగతి తెలియక ఫైలు తెరిచి కంగారుపడినవారు చాలామంది కనిపించారు. కౌంటరు దగ్గర నిలబడే పట్టాలోని పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు పేరు, శ్రేణి, సంవత్సరం అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఇంటికి వెళ్లిన తరువాత తప్పు కనబడితే దాన్ని దిద్దించుకోవడానికి దరఖాస్తు, పాత పట్టా తిరిగి పంపడం, నిరీక్షణ తప్పవు. మా కుటుంబంలో ఈ పని నాన్న తీసుకున్నారు. కళ్లద్దాలు సర్దుకుని, పట్టాను, పదో తరగతి మెమోను పక్కపక్కన పెట్టి చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడు గాని ఆయన వరుసలోంచి కదలలేదు.

ఫోటోల విషయంలో నా సలహా చిన్నది. అధికారిక ఫోటోగ్రాఫరు తీసే చిత్రాలు స్పష్టంగానే ఉన్నాయి గాని, గౌను వేసుకున్నవారిని ఒంటరిగా నిలబెట్టి తీయడానికే వారికి ఏర్పాటు ఉంది. కుటుంబమంతా పట్టే చిత్రానికి వేరే వరుస, వేరే రుసుము, వేరే గంట. గౌను తిరిగి ఇవ్వవలసిన సమయం ఎప్పుడో చూసుకుని, దానికి తగినట్టు ముందుగానే కుటుంబ చిత్రం తీయించుకోవడం మంచిది.

రాలేనివారి గురించి కూడా ఈ సమీక్షలో చెప్పాలి, ఎందుకంటే దూరవిద్యార్థుల్లో వారి సంఖ్య తక్కువ కాదు. సెలవు దొరకనివారు, ఇంట్లో రోగిని వదిలి రాలేనివారు, కాన్పు దగ్గరపడినవారు, కారాగారాల్లో ఉండి చదువుకున్నవారు గైర్హాజరులో పట్టా పొందుతారు. దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం 1946 నుంచే ఉత్తరాల ద్వారా చదువు చెప్పింది. నెల్సన్ మండేలా జైలులో ఉండగానే, 1989లో, ఆ విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా సాధించారు. పోస్టులో వచ్చిన పట్టా ఏ విధంగానూ తక్కువది కాదు. 2020లో కరోనా కారణంగా ఎన్నో విశ్వవిద్యాలయాలు స్నాతకోత్సవాన్ని ఆన్‌లైన్‌కు మార్చినప్పుడు, తెర మీద పేరు కొన్ని సెకన్లు కనిపిస్తే చాలని ఇళ్లలో జనం ఎదురుచూశారు. మా సంస్థ గైర్హాజరైనవారి పేర్లను పుస్తకంలో అచ్చువేసింది గాని, సభలో చదవలేదు. మరో ఇరవై నిమిషాలు పట్టినా చదివి ఉంటే, ప్రత్యక్ష ప్రసారం చూస్తున్న ఆ ఇళ్లకు కూడా వేడుక చేరేది. ఒక ప్రసంగాన్ని తగ్గించుకుంటే ఆ సమయం దొరికేది.

అయిదు నక్షత్రాల లెక్కలో ఈ సేవకు నేను నాలుగు ఇస్తున్నాను. టికెట్ల నియమాన్ని రుసుము కట్టిన తరువాత చూపించినందుకు, పక్క హాలును పట్టించుకోనందుకు ఒకటి తగ్గించాను. అభిప్రాయ సేకరణ ఫారంలో ఈ రెండూ రాశాను. కుటుంబంతో వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి వెళ్లమనే చెబుతాను. నమోదు తెరిచిన రోజునే అదనపు టికెట్లకు పేరు రాసుకోండి, పెద్దల అవసరాలను వ్రాతపూర్వకంగా తెలపండి, పేరు పలికే కార్డును శ్రద్ధగా నింపండి.

మూడు దగ్గర ఆగిపోవలసిన నక్షత్రాలు నాలుగుకు చేరడానికి కారణం కార్యక్రమం చివర్లో చేసిన ఒక ఏర్పాటు. అధికారుల ఊరేగింపు వెళ్లిపోయిన తరువాత హాలు తలుపులన్నీ తెరిచి, పక్క హాలులోనివారిని కూడా లోపలికి పిలిచి, అరగంట సేపు వేదికను కుటుంబాలకు వదిలిపెట్టారు. దీపాలు ఆర్పలేదు, ఎవరినీ తొందరపెట్టలేదు. మావారు లోపలికి వచ్చి, ఖాళీ అయిన కుర్చీల మధ్య నిలబడి వేదికను కాసేపు చూశారు. నాన్న ముందు వరుసలో కూర్చుని, పేర్ల పుస్తకం తెరిచి, మా పేజీ వెతికి, వేలు పెట్టి నా పేరు పైకి చదివారు. నేను మళ్లీ ఎడమవైపు మెట్లు ఎక్కి ఆ పదిహేను అడుగులూ నడిచాను. ఈసారి మావారు హాలులోనే ఉన్నారు.